రైల్వే వారి ఓడకి బొగ్గు మోసిన సింహాచలం తాతను వెతుక్కుంటూ చోడవరం

రైలు కంపెనీలకు సొంత ఓడలు ఉండేవంటే మా కాలేజీ స్టాఫ్ రూములో ఇప్పటికీ నవ్వుతారు. నేను చెప్పేది కామర్సు. పాత రైలు మార్గాల మీద బ్లాగు రాసుకోవడం నా సెలవురోజుల పని. కిందటేడు రామేశ్వరం వెళ్ళొచ్చాక ధనుష్కోటి ఓడల గురించి ఒక పోస్టు పెట్టాను. పట్టాలు సముద్రం ఒడ్డున ఆగిపోతే, ప్రయాణికుణ్ణి అవతలి ఒడ్డుకు చేర్చే బాధ్యత కూడా రైలు కంపెనీయే తీసుకున్న కాలం ఒకటుంది. ఇంగ్లండు నుంచి ఫ్రాన్సుకీ, ఐర్లండుకీ అలాంటి రైల్వే ఓడలు తిరిగేవి. మన దగ్గర 1914 నుంచి ధనుష్కోటికీ సింహళంలోని తలైమన్నారుకీ మధ్య దక్షిణాది రైల్వే వారి ఆవిరి ఓడలు నడిచాయి. మద్రాసులో ఒక్క టికెట్టు కొంటే చాలు. రైలు ఇసుకతిన్నెల మధ్య నుంచి జెట్టీ దాకా వచ్చేది. దిగి ఓడ ఎక్కితే సుమారు రెండు గంటల్లో సింహళం, అక్కడ మళ్ళీ రైలు, తెల్లారితే కొలంబో. 1964 డిసెంబరు తుఫానులో ధనుష్కోటి ఊరే కొట్టుకుపోయింది. ఆ తరువాత రామేశ్వరం నుంచి ఓడ కొన్నేళ్ళు నడిచి, ఎనభైల్లో అదీ ఆగిపోయింది.

ఆ పోస్టు కింద నవంబరులో ఒక వ్యాఖ్య వచ్చింది. "మేడమ్, మా తాతయ్య ఆ ఓడకి బొగ్గు మోసేవాడు. మాది చోడవరం. తాతయ్య మాట మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు. ఒకసారి రాగలరా?" రాసినమ్మాయి పేరు లావణ్య, విశాఖలో ఒక ల్యాబులో పనిచేస్తోంది. ఫోన్ చేస్తే మిగతాది చెప్పింది. ఏడేళ్ళ కిందట వాళ్ళక్క నిశ్చితార్థంలో తాత మగపెళ్ళివారికి ఓడ సంగతి చెప్పబోతే ఒకాయన పగలబడి నవ్వాడట. "రైలోళ్ళకి ఓడేటి? ఊళ్ళో లేని ఆ నాలుగేళ్ళూ జైల్లో ఉన్నాడంట కదా" అని ఇంకొకాయన పక్కవాడితో అన్నాడట, అందరికీ వినబడేలా. ఆ సాయంత్రమే లావణ్య తండ్రి, ఇంకెప్పుడూ ఓడ మాట ఎత్తొద్దని తాతకి గట్టిగా చెప్పాడు. తాత ఆ తరువాత ఎత్తలేదు.

ఆ అమ్మాయి కోసమే వెళ్ళానని చెబితే అబద్ధమవుతుంది. ఆ ఓడల గురించి నేను చదివినవన్నీ పైడెక్కు మీద కుర్చీలు వేసుకుని టీ తాగినవాళ్ళు రాసినవే. కింద బొగ్గు ఎగదోసినవాళ్ళ మాట ఒక్కటీ నాకు దొరకలేదు. ఆయనకి ఎనభై ఆరు దాటాయని విన్నాక ఇంక ఆలస్యం చేయకూడదనుకున్నాను.

ఫిబ్రవరి రెండో శనివారం ఉదయం ఏడుంబావుకి విశాఖ బస్సు కాంప్లెక్సులో చోడవరం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం కాబట్టి ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు ఇచ్చారు. నా పక్క సీటు పెద్దాయనకి డెబ్భై రూపాయల పైచిలుకు పడింది. పెందుర్తి దాటేదాకా ఊరు వదిలినట్టే ఉండదు. సబ్బవరం దాటాక వరి కోసేసిన మళ్ళు, చెరకు తోటలు మొదలవుతాయి. ఇది చెరకు కోతల కాలం. రోడ్డంతా ఆక్రమించి నడిచే చెరకు ట్రాక్టర్ల వెనక మా బస్సు మూడుసార్లు నడకకి దిగింది. గంటన్నర అనుకున్న ప్రయాణం రెండు గంటలైంది. చోడవరం ఇప్పుడు కాగితాల మీద అనకాపల్లి జిల్లా అయినా, కండక్టరుతో సహా బస్సులో ఎవరూ ఇంకా విశాఖ జిల్లా అనడం మానలేదు. ఊళ్ళో రైలు స్టేషన్ లేదు. రైల్లో వచ్చేవాళ్ళు అనకాపల్లిలో దిగి, అక్కడి నుంచి ఇంకో ముప్పావుగంట బస్సులో రావాలి.

కాంప్లెక్సు బయట ఆటో నలభై రూపాయలకి మాట్లాడుకున్నాను. ఎవరింటికని డ్రైవరు అడిగాడు. సింహాచలం గారని పెద్దాయన, వాళ్ళబ్బాయి అప్పలరాజు గారు మోటార్లకి వైండింగ్ కడతారు అన్నాను.

"ఓ, కప్పల తాత ఇల్లా! ముందే సెప్పొచ్చు కదమ్మా."

"కప్పలేమిటి?"

"ఏటో మరి. కుర్రతనంలో కప్పలు పట్టీవోడంట. మా నాన్న కూడా అలగే పిలుస్తాడు."

సందు మొదట్లో నిలబడి ఉన్న లావణ్యని మొదట అడిగింది ఆ మాటే. ఆమె నవ్వలేదు. తమిళంలో ఓడని కప్పల్ అంటారు. తమిళ దేశం నుంచి తిరిగొచ్చిన కొత్తలో తాత నోట అదే మాట వచ్చేదట. "కప్పల్‌లో పని చేసేను" అంటే ఊళ్ళో వాళ్ళకి కప్పలే వినబడ్డాయి. అరవై ఏళ్ళుగా ఆ పేరు పోలేదు.

ముందు షెడ్డులో వర్క్‌షాపు, వెనక ఇల్లు. షెడ్డు నిండా తోటల్లోంచి వచ్చిన నీళ్ళ మోటార్లు, రాగితీగ చుట్టలు. సింహాచలం గారు వరండాలో నవారు మంచం మీద కూర్చున్నారు. సన్నటి మనిషి, తెల్లటి లుంగీ, కుడిచేతి మణికట్టు నుంచి మోచేయి దాకా చర్మం ముడతలు పడి మెరుస్తోంది. నేను పరిచయం చేసుకుని ధనుష్కోటి పేరు ఎత్తగానే ఆయన షెడ్డు వైపు చూశారు. "నాకేటీ గుర్తు లేదమ్మా. పెద్దోణ్ణయిపోయేను" అన్నారు.

అంతలో అప్పలరాజు గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. అరవైకి దగ్గరపడిన మనిషి. మర్యాదగానే కుర్చీ వేశారు, టీ చెప్పారు. కూతురి వైపు మాత్రం చూడలేదు.

"మేడమ్, మీరు ఇంతదూరం వచ్చేరు, కాదనను. కానీ ఈ ఓడ గొడవ మాకొద్దండి. నాను సదువుకున్న రోజుల్లో నన్ను జైలోడి కొడుకు అనీవోరు. మా నాన్న ఓడ అంటాడు, ఊరు జైలంటాది. ఒక్క కాగితం ముక్క లేదు. పోనీ రంగం ఎల్లేనని సెప్పినా నమ్మీవోరేమో. మన పక్కనుంచి రంగం ఎల్లినోళ్ళు బోల్డుమంది. రైలోళ్ళ ఓడంటే ఎవులు నమ్ముతారు?"

రంగం అంటే రంగూను. మా ఉత్తరాంధ్రలో సముద్రం దాటడమంటే అదే. ఆ ఓడలు షిప్పింగ్ కంపెనీలవి, వీటితో సంబంధం లేదు. ఆ తేడా చెప్పి, రైల్వే ఓడలు నిజంగా ఉండేవని చూపిస్తే సరిపోతుందనుకున్నాను. బ్లాగులో పెట్టిన ఓడ ఫోటోని పెద్ద సైజులో ప్రింటు తీయించి తెచ్చాను. అది తాతగారి చేతిలో పెట్టి, "మీరు పనిచేసిన ఓడ ఇదేనండీ" అన్నాను.

ఆయన దాన్ని వెలుతురుకి తిప్పుకున్నారు. లావణ్య భూతద్దం తెచ్చి ఇచ్చింది. చాలాసేపు చూశారు. టీ వచ్చింది, చల్లారింది. చివరికి ఫోటో మంచం మీద పెట్టేశారు.

"ఇది మా కప్పల్ కాదు."

అప్పలరాజు గారు చిన్నగా నవ్వారు. ఆ నవ్వులో గెలిచిన సంతోషం ఏమీ లేదు. "సూసేరా మేడమ్? ఆయనకే తెల్దు." "వయసు మీద పడింది కదండీ, గుర్తుపట్టలేకపోయి ఉంటారు" అని నేనూ అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

తాతగారి గొంతు మొదటిసారి పెరిగింది. "గుర్తు పట్టక కాదమ్మా. ఈళ్ళని సూడు. ఈ మెట్ల కాడ నిలబడినోళ్ళని." భూతద్దం నా చేతికిచ్చారు. "ఏటేసుకున్నారు?"

గోరంత మనుషులు ముగ్గురు. నేను వంద సార్లు చూసిన ఫోటోయే. మోకాళ్ళ కిందికి దిగిన లావుపాటి కోట్లు, చేతులకు తొడుగులు.

"ధనుష్కోటిలో ఇలాటి కోటేసుకుంటే మనిషి సచ్చిపోడా? అక్కడ ఇసకలో కాలెడితే బొబ్బలెక్కీవి. ఇదిగో, ఇది రాతి గోడ. మాకు రాతిగోడేది? నీళ్ళలో స్తంభాలు దిగేసి, వాటి మీద జెట్టీ. కింద నుంచి కెరటాలు కనబడీవి."

ల్యాపుటాపు తీసి, నేను దించుకున్న అసలు ఫోటోని తెరనిండా పెద్దది చేశాను. మునిగేవాళ్ళకి విసరడానికి ఓడ కమ్మీకి వేలాడదీసిన తెల్లటి చక్రం మీద అక్షరాలు మసగ్గా ఉన్నాయి. ఒక్కొక్కటే కూడబలుక్కుంటే ఇంగ్లండులోని ఒక రేవు పేరు తేలింది. అది కూడా రైల్వే ఓడే, కాకపోతే ఫ్రాన్సు వైపు తిరిగినది. ఎవరో తప్పు పేరుతో పెట్టిన ఫోటోని నేను పరిశీలించకుండా ఎత్తి రాసుకున్నాను. కొన్ని నెలలుగా వేలమంది చూశారు, ఒక్కరూ పట్టుకోలేదు. "తప్పు నాదండీ. తాతగారు చెప్పిందే నిజం" అన్నాను.

అప్పలరాజు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఫోటో తప్పని తేలినంత మాత్రాన తండ్రి అక్కడ పనిచేసినట్టు కాదు, అది ఆయనకీ తెలుసు. అప్పుడు నాకు గుర్తొచ్చింది. పాత రైల్వే కాగితాల్లో దొరికిన ధనుష్కోటి జెట్టీ నక్షా ఒకటి నా దగ్గరుంది. మసకగా ఉందని బ్లాగులో పెట్టలేదు, ఎవరికీ పంపలేదు. ఆ మాటే చెప్పి, తాతగారికి కనబడకుండా తెర అప్పలరాజు గారి వైపు మాత్రమే తిప్పాను. మోటారు వైండింగు బొమ్మలు రోజూ చూసే మనిషి కదా, చప్పున పట్టేశారు. వేలితో గీతల వెంట వెళ్ళి, తలెత్తకుండానే అడిగారు.

"నాన్నా, జెట్టీ మీద పట్టాలెన్ని?"

"రెండు. ఒకటి పాసింజరు బండికి, ఒకటి సామాన్లకి. మూడోది ఉంది గానీ జెట్టీ ఎక్కదు. ఇసకలోనే ఆగిపోద్ది. అక్కడ మా బొగ్గు కుప్ప."

అప్పలరాజు గారి వేలు తెర మీద ఆగింది. "నీళ్ళ ట్యాంకు ఎటుంటాది?"

"బండి దిగి ఓడకేసి తిరిగితే ఎడంసేతికి."

"దాని పక్కన గది ఉంది. ఏటది?"

"గదేటి? గది లేదు."

"ఉంది నాన్నా. ఇక్కడ గీసుంది."

లావణ్య నా భుజం పట్టుకుంది. తాతగారు కళ్ళు మూసుకున్నారు. పెదవులు మాత్రం కదిలాయి. తరువాత ఖచ్చితంగా చెప్పారు. "గది లేదురా. దిమ్మలున్నాయి. నాలుగు మూలలా నాలుగు రాతి దిమ్మలు. మట్టసంగా ఉండీవి. మేం వాటి మీద కూకునే అన్నం తినీవోలం."

ఆ నక్షా ఆయన అక్కడికి వెళ్ళడానికి చాలా ఏళ్ళ ముందుది. గది ఎప్పుడో కూలిపోయి పునాది దిమ్మలు మిగిలి ఉంటాయి. నేను వివరించబోయేలోపే అప్పలరాజు గారికి అర్థమైంది. ల్యాపుటాపు నెమ్మదిగా నాకిచ్చేశారు. లేచి వెళ్ళి నవారు మంచం మీద తండ్రి పక్కన కూర్చున్నారు.

"ఆ దిమ్మల మీద నీతో కూకున్నోడెవుడు నాన్నా?"

నాకు తోచని ప్రశ్న అది. ఓడ ఎంత పొడుగు, గంటకెంత బొగ్గు, డెక్కు మీద ఎంతమంది, ఇలా నా నోటుపుస్తకంలో ఇరవై ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను గాని అది మాత్రం లేదు.

"గురువులు" అన్నారాయన.

అక్కడి నుంచి గంటకి పైగా మాట్లాడారు. దేవరాపల్లి దగ్గర ఒక ఊరివాడు గురువులు. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు. ఇళ్ళలో చెప్పకుండా వాల్తేరు వెళ్ళి బొగ్గు వ్యాగన్లు దింపే ముఠాలో చేరారు. మేస్త్రి వెంట మద్రాసు, అక్కడి నుంచి ధనుష్కోటి. గంపలతో బొగ్గు మోసి ఓడలో పోయడం పని. మనుషులు తక్కువైన రోజుల్లో ఓడలోనే ఉండి, కింద అరల్లో బొగ్గు ఎగదోస్తూ అవతలి ఒడ్డు దాకా వెళ్ళేవారు. సింహళం చూశారా అని అడిగాను. "జెట్టీ సూసేను. పైకి రానిచ్చీవోరు కాదు" అన్నారు. పైన మూడో తరగతి వాళ్ళ వాంతులు కడిగే పనీ వీళ్ళదే. గురువులు మంచి ఈతగాడు. ఓడ కదిలే ముందు నీళ్ళలోకి దూకి జెట్టీ స్తంభాల మధ్య ఈదేవాడట, మేస్త్రి తిట్టేదాకా.

తుఫానుకి వారం ముందు ఆవిరి గొట్టం తగిలి సింహాచలం గారి చెయ్యి కాలింది. రైలెక్కించి రామనాథపురం ఆసుపత్రికి పంపారు. "మూడు రోజుల్లో వస్తానురా అన్నాను. నాను ఆసుపత్రిలో ఉండగానే అంతా అయిపోయింది. పాంబను వంతెన ఇరిగిపోయింది, అటు ఎవుల్నీ ఎల్లనివ్వలేదు. ఒడ్డుకి చేరినోళ్ళనల్లా అడిగేను. జెట్టీ పక్క గుడిసెలు ఒక్కటీ లేవన్నారు. మా ముఠాలో పద్నాలుగు మందిమి. ఒక్కడూ కనబళ్ళేదు."

అప్పలరాజు గారు మెల్లగా అడిగారు. "మరి వాళ్ళింట్లో సెప్పేవా?"

"ముందు మనింటికి రాలేదురా. తిన్నగా ఆళ్ళ ఊరే ఎల్లేను. ఆళ్ళమ్మ నన్ను గడప తొక్కనివ్వలేదు. రైలోళ్ళ ఓడేటి, మా వోడు రంగం ఎల్లేడు, వస్తాడు అంది. నా సేతిలో కాగితం లేదు కదా, ఏటి సూపించను? మళ్ళీ రెండుసార్లు ఎల్లేను. మూడోసారి ఊరోళ్ళు కొట్టడానికొచ్చేరు. మా వోణ్ణి నువ్వే ఏదో సేసి జైలుకెల్లొచ్చేవు అన్నారు."

జైలు మాట ఎక్కడ పుట్టిందో ఆ ఇంట్లో వాళ్ళకి అప్పుడు తెలిసింది. అప్పలరాజు గారు తండ్రి కాలిన చేతి మీద చెయ్యి వేశారు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న లావణ్య వాళ్ళమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

భోజనం అక్కడే చేయాల్సి వచ్చింది. ఆనపకాయ పులుసు, వేయించిన చేపలు, చివర్లో మాడుగుల హల్వా. హల్వా కావాలనుకునేవాళ్ళు చోడవరం నుంచి మాడుగుల బస్సెక్కి వెళ్ళి అక్కడే కొనుక్కోవచ్చు. నాకు మాత్రం పొట్లం కట్టి ఇచ్చారు. మూడున్నర బస్సు అందుకోవడానికి లేచాను. అప్పలరాజు గారు బండి మీద కాంప్లెక్సు దాకా దింపారు. ఆయన దారిలో ఒక్కటే మాట అన్నారు. "ఆ నక్షా ఒకటి నాకు ప్రింటు తీసి పంపండి మేడమ్. పెద్దది."

పంపాను. పదిరోజుల తరువాత లావణ్య ఫోన్ చేసింది. తండ్రీ తాతా ఆటో కట్టించుకుని గురువులు ఊరు వెళ్ళొచ్చారట. తల్లి పోయి చాలా ఏళ్ళయింది. చెల్లెలు ఉంది, డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. అప్పలరాజు గారు నక్షా పరిచి, ఇది బొగ్గు కుప్ప, ఇవి మా నాన్నా మీ అన్నా కూర్చున్న దిమ్మలు అని చూపిస్తూ అంతా తనే చెప్పారు. ఆవిడ మొత్తం విన్నది. ఏడవలేదు. చివరికి తాతని ఒక్క ప్రశ్న అడిగింది: "మా అన్నకి అక్కడ తిండి సరిపోయీదా?"

"సరిపోయీదమ్మా. బెల్లం దొరక్కే గోల పెట్టీవోడు" అన్నారట తాత.

రైల్వే ఓడల గురించి నా పాత పోస్టులోని ఫోటో తీసేశాను. తప్పు ఎలా తెలిసిందో, ఎవరు చెప్పారో ఆ స్థానంలో రాశాను. రైలు ప్రయాణికుణ్ణి ఓడెక్కించి మళ్ళీ రైలెక్కించిన ఆ ఏర్పాటు ఎంత పకడ్బందీగా ఉండేదో ఇన్నాళ్ళూ మెచ్చుకుంటూ రాశాను. ఒక్క టికెట్టు మీద మద్రాసు నుంచి కొలంబో వెళ్ళినవాళ్ళ పేర్లు ఏదో ఒక రిజిస్టరులో ఎక్కే ఉంటాయి. మేస్త్రి కింద పనిచేసిన ఆ పద్నాలుగు మందిలో సింహాచలం గారికి ఇప్పుడు గుర్తున్నవి ఐదు పేర్లే. గురువులు, కరుప్పయ్య, అంతోణి, ముత్తు, చిన్నముత్తు. మిగతావి గుర్తొచ్చినప్పుడు ఫోన్ చేస్తానన్నారు.

ఇలా పెద్దవాళ్ళని కలవడానికి వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. మీ దగ్గరున్న ఫోటోలూ మ్యాపులూ ముందే చూపించకండి, వాటిని సంచిలోనే ఉంచండి. ముందు వాళ్ళని చెప్పనివ్వండి, చెప్పింది రాసుకోండి, ఆ తరువాతే బయటికి తీయండి. అలాగే చోడవరానికి ఏడున్నరలోపు బస్సెక్కితే మంచిది. పెద్దవాళ్ళు భోజనానికి ముందు మాట్లాడినంత ఓపికగా మధ్యాహ్నం మాట్లాడలేరు.